విరామం తర్వాత పదకొండు పేజీలు

ఆపరేషన్ అయిపోయిందట, కడుపులో గడ్డ తీసేశారట, అంతా బాగానే జరిగిందట, కానీ అమ్మ ఇంకా లేవలేదట. మత్తు డాక్టరు బయటికొచ్చి ఈ నాలుగు ముక్కలూ చెప్పి, "డెబ్భై మూడేళ్ళు కదమ్మా, గుండె కూడా అంత గట్టిది కాదు, ఒక గంట చూద్దాం" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. గంట చూద్దాం అంటే గంటలో లేస్తుందనా, గంటలో లేవకపోతే ఇక లేవదనా? అడుగుదామని ఆమె నోరు తెరిచేసరికి తలుపు మూసుకుంది. ఎప్పుడూ ఇంతే, తను మాట కూడదీసుకునేలోపు అవతలివాళ్ళ సభ ముగిసిపోతుంది. గోడగడియారం పదకొండూ పది చూపిస్తోంది, అంటే పన్నెండూ పది దాకా అన్నమాట. ఆమె వచ్చి బల్ల మీద కూర్చుంది. బల్లకి ఆ చివర అన్నయ్య, ఈ చివర కట్టుకున్నాయన, నడుమ తను, తన ఒళ్ళో సంచి, సంచిలో ప్రూఫులు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళ నుంచీ ఈ ఇద్దరి మధ్యా కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది, ఎప్పుడైనా ఇద్దరూ ఒకే పక్కకి వస్తే తనెటు జరగాలో కూడా తెలియదు. భయంగా ఉంది, అమ్మ లేవదేమోనని చచ్చేంత భయంగా ఉంది, ఆ మాట పైకి అంటే ఈ ఇద్దరిలో ఎవరో ఒకరు దానికి జవాబు చెబుతారని ఇంకా భయంగా ఉంది.

పొద్దున్న ఎనిమిదింటికి అమ్మను చక్రాలమంచం మీద తీసుకెళ్ళేటప్పుడూ ఇదే వరస. అన్నయ్య అమ్మ తల దగ్గర నిలబడి పైకి చదవడానికి ప్రార్థనల చేతిపుస్తకం తెరిచాడు. ఆయన, "చదివే ముందు ఆవిడకి కావాలో వద్దో అడగచ్చు కదా" అన్నాడు. మా అమ్మకేం కావాలో నాకు తెలీదా అని అన్నయ్య, తెలిస్తే అడగడానికేం భయం అని ఆయన, భయం మీకే, ఆవిడ ఔనంటుందని అన్నయ్య. ఇక చూసుకో. మంచం మీద పడుకున్న మనిషి పైకప్పు దీపాలు లెక్కపెట్టుకుంటోంది, ఆవిణ్ణి మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఆయా వచ్చి "కొంచెం తప్పుకోండి సార్" అంటే ఇద్దరూ ఎంతో మర్యాదగా తప్పుకున్నారు, గోడవారకి, అక్కడైతే ఇంకాస్త తీరిగ్గా పోట్లాడుకోవచ్చని. చక్రాలు కదిలాయి. ఆమె ఒక్కతే పక్కన నడిచింది. థియేటర్ తలుపు దాకా వచ్చాక అమ్మే ఆమె చెయ్యి పట్టుకుని, "వాళ్ళిద్దరూ అంతలా మాట్లాడుకుంటున్నది నా గురించేనా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది, ఆ గొంతు ఆమెకు తెలుసు. ఏం చెప్పాలో తోచక తడుముకునేలోపు అమ్మ చెయ్యి జారిపోయింది, తలుపు రెక్కలు రెండూ ఊగి ఊగి ఆగాయి. వెనక్కొచ్చి చూస్తే వీళ్ళు ఇంకా గోడవారనే ఉన్నారు. "అమ్మేదీ?" అన్నాడు అన్నయ్య. తీసుకెళ్ళిపోయారంది. ఇద్దరి మొహాలూ ఒకేసారి పాలిపోయాయి, చూసి పాపం అనిపించింది కూడా. ఆ పాపం అనిపించడమే తన ఖర్మ.

చెప్పాల్సింది. నీ గురించేనమ్మా అనేస్తే పోయేది, నోటిముత్యాలేం రాలిపోయేవి కావు. అమ్మ ఆ మాటొకటి పట్టుకుని మత్తులోకి వెళ్ళేది. ఇప్పుడు ఏం పట్టుకుని వెళ్ళిందో, లోపల ఎక్కడుందో, తిరిగి రావడానికి దారి దొరుకుతోందో లేదో. అమ్మకి జవాబు చెప్పకుండా ఎవరైనా లేచిపోతే అసలు నచ్చదు. ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసిన మనిషి. తాడు లాగి ఒక రంధ్రంలో గుచ్చి ఇటువాణ్ణీ అటువాణ్ణీ కలిపి, తను మాత్రం పక్కకి తప్పుకోవడం ఉద్యోగం. కలపడం వరకే నా పని, వినడం నా పని కాదు అనేది, అంటూనే అన్నీ వినేది. గొంతు వింటే చాలు, మనిషి నిలబడి మాట్లాడుతున్నాడో కూర్చునో చెప్పేసేది. దేవుడు ఉన్నాడా లేడా అని కొట్టుకునే కొడుక్కీ అల్లుడికీ పేర్లు పెట్టింది కూడా ఆవిడే. కొడుకు పేరు ఉన్నాడు, అల్లుడి పేరు లేడు. ఫోన్ చేసి "ఏమే, లేడుగారు ఉన్నారా ఇంట్లో?" అనేది, ఉన్నారమ్మా అంటే "సరేలే, ఉన్నాడు రానన్నాడుగా మీ ఇంటికి" అని తనే నవ్వేది. మరి నువ్వెటమ్మా అని ఒకసారి ఆమె అడిగితే అమ్మ చాలాసేపు కుట్టుకుంటున్న గుండీ వైపు చూసి, "నన్నెవరూ అడగలేదే ఇంతవరకూ, నువ్వే మొదలు, ఆలోచించుకుని చెబుతాను" అంది. ఏడేళ్ళయింది ఆ మాటకి. ఆలోచించుకుందో లేదో కూడా ఆమె మళ్ళీ అడగలేదు. అందర్నీ అంటుంది కానీ తను మాత్రం ఏం ఉద్ధరించింది?

"లేస్తుంది" అన్నాడు ఆయన ఉన్నట్టుండి. "మత్తు ఒంట్లోంచి పోవడానికి టైం పడుతుంది. ఈ వయసులో కాలేయం నెమ్మదిగా పనిచేస్తుంది. అంతా రసాయనమే, కంగారు పడడానికేం లేదు." కళ్ళు మాత్రం ఆమెను దాటి ఆ చివరకి వెళ్ళాయి. "పైవాడి దయుంటే లేస్తుందమ్మా" అన్నాడు అన్నయ్య, అతని కళ్ళు ఆమెను దాటి ఈ చివరకి వచ్చాయి. ఓదార్పు కూడా తన నెత్తి మీదుగా ఒకరి మీదికొకరు విసురుకుంటున్నారు. ఆమె "ఊఁ" అంది, అటొకసారి ఇటొకసారి. పదకొండూ ఇరవై రెండు.

వీళ్ళ వాదాలు టైపు చెయ్యడం ఎలా వచ్చి పడిందో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆమె పని అదే, సభల్లో కోర్టుల్లో కమిటీల్లో రికార్డు చేసిన మాటలు చెవికి పెట్టుకుని విని అక్షరం పొల్లు పోకుండా కాగితం మీదికి దించడం. కాలి కింద మీట ఉంటుంది, తొక్కితే మాట ఆగుతుంది, వదిలితే నడుస్తుంది, ఇంట్లోనూ అలాంటిదొకటి ఉంటే బావుండును అని మొదట్లో అనుకునేది. నెలకోసారి ఏదో ఒక హాల్లో వీళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని దేవుడు ఉన్నాడా లేడా అని రెండున్నర గంటలు వాదించుకుంటారు, జనం కుర్చీలు చాలక నిలబడి వింటారు, అయిపోయాక టీ కప్పులు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చి "ఎవరు గెలిచారంటారు మేడమ్?" అని అడుగుతారు. ఇంటికి వెళ్తే ఆయన గెలిచి వస్తాడు. మర్నాడు అన్నయ్యకి ఫోన్ చేస్తే అతనూ గెలిచే ఉంటాడు. పద్దెనిమిదేళ్ళలో ఓడిపోయిన మనిషి ఒక్కడూ కనిపించలేదు ఆమెకి. ఈ మధ్య ఎవరో ప్రచురణకర్త వాటిలో ఆరు ఏరి కలిపి పుస్తకం వేస్తానన్నాడు, ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్ళెందుకన్నారు ఇద్దరూ, అదొక్కటీ కలిసిపోతుంది వీళ్ళకి, ఆమె వేళ్ళు అరిగితే అరిగాయి. ప్రతి పేజీ ఇద్దరూ చదివి అడుగున సంతకం పెట్టాలి, ఎదుటివాడు తర్వాత మాట మార్చకుండా. మధ్యాహ్నం రెండింటికి ప్రెస్సు మనిషి వచ్చి పట్టుకుపోతాడు, అందుకే ఇవాళ కూడా సంచిలో మోసుకొచ్చింది.

నెలల తరబడి రెండు చెవుల్లో వీళ్ళిద్దర్నీ పోసుకున్నాక ఆమెకు అర్థమైంది ఒకటుంది, అది ఎవరికీ చెప్పలేదు, చెబితే అది కూడా వాదమైపోతుంది. వీళ్ళిద్దరికీ చెరో లావుపాటి ఫైలుంది, దాన్నిండా కత్తిరింపులున్నాయి, గీతలు కూడా ఒకే రంగు పెన్నుతో గీస్తారు. ఎదుటివాడు రాసిన పుస్తకం ఇద్దరూ కొన్నారు, ఇద్దరూ ముప్పయ్యో పేజీ దగ్గర చీటీ పెట్టి వదిలేశారు, ఆ చీటీలు ఆమె కళ్ళారా చూసింది. నేను తెరిచిన మనసుతోనే వచ్చాను కానీ, అని ఇద్దరూ మొదలుపెడతారు, ఆ కానీ తర్వాత మనసు టప్పున మూసుకుంటుంది. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ వినరు, తమ వంతు కోసం గట్టిగా ఊపిరి లాగి కూర్చుంటారు, టేపులో ఆ ఊపిరి కూడా వినిపిస్తుంది. ఇద్దరికీ ఆమె మీద జాలి. నువ్వు పోయాక నీ ఆత్మేమవుతుందోనని అతనికి, నువ్వు బతికుండగానే నీ బుర్రేమవుతుందోనని ఈయనకి. తేడాలు లేవా అంటే ఉన్నాయి. అన్నయ్యకి కోపం చేతిలో ఉంటుంది, బల్ల చరుస్తాడు. ఆయనకి ముక్కులో ఉంటుంది, ముక్కుతో నవ్వుతాడు. తప్పు చేస్తే అన్నయ్య దేవుడికి క్షమాపణ చెప్పుకుంటాడు, ఆయన కారణాలు చెబుతాడు, ఆమెకి మాత్రం రెండు చోట్లా దక్కేది గుండుసున్నా. పోనీ చెడ్డవాళ్ళా అంటే అదీ కాదు. మొన్న లిఫ్టు పనిచెయ్యకపోతే ఆయన అమ్మను వీపున వేసుకుని మూడంతస్తులు దించాడు, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ. వారం రోజులుగా అన్నయ్య అమ్మ మంచం పక్కన కటిక నేల మీద పడుకుంటున్నాడు. చెడ్డవాళ్ళయితే ఎప్పుడో తెంచుకుని హాయిగా ఉండేది. మంచివాళ్ళతోనే వచ్చింది ఈ చావంతా.

కారిడార్ చివర ఎవరిదో మందుల ట్రే కిందపడింది. ముగ్గురూ ఉలిక్కిపడి థియేటర్ తలుపు వైపే చూశారు, తలుపు కదల్లేదు. అన్నయ్య పెదవులు కదులుతున్నాయి. ఆయన ఫోన్లో మత్తు మందు గురించి ఏదో చదువుతున్నాడు, అదే పేజీ, పావుగంట నుంచీ పైకీ కిందకీ జరుపుతున్నాడు, చూపు మాత్రం ఒక్కచోటే ఉంది. అదీ ప్రార్థనే కదా అని ఆమెకు అనిపించింది, వెంటనే ఆ మాట మింగేసింది, బయటపడితే కొంప మునుగుతుంది.

అసలు వీళ్ళిద్దరూ స్నేహితులు. నమ్ముతారా ఎవరైనా? కాలేజీలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు, ఆయన్ని ఇంటికి తీసుకొచ్చిందీ, నా చెల్లెలికి ఇంతకంటే మంచివాడు దొరకడని అమ్మతో పోరాడిందీ అన్నయ్యే. పెళ్ళయ్యాక కొన్నాళ్ళు ఇతను బావా అంటే అతనూ బావా అనేవాడు, ఒకే పిలుపు ఇటూ అటూ. అప్పుడూ వాదించుకునేవాళ్ళు, కానీ భోజనానికి పిలిస్తే లేచేవాళ్ళు. ఆ తర్వాత అన్నయ్యకి కొడుకు పుట్టాడు, ఆరు నెలలే బతికాడు. ఏదో జ్వరం. ఇలాంటి ఆస్పత్రే, ఇంకా పెద్దది, డాక్టర్లందరూ ఉన్నారు, మిషన్లన్నీ ఉన్నాయి, తెల్లకోటు వేసుకున్న ఒకాయన వచ్చి సారీ అని చెప్పి, ఇక్కడ సంతకం పెట్టండి అని కాగితం చూపించి వెళ్ళిపోయాడు. ప్రార్థనాలయం నుంచి ఒక ముసలాయన వచ్చి మూడు రోజులు అన్నయ్య పక్కన ఊరికే కూర్చున్నాడు, ఏమీ బోధించలేదు, నీళ్ళు తాగించి వెళ్ళేవాడు. అన్నయ్య ఆ నీళ్ళ వెంట వెళ్ళిపోయాడు. ఇక ఈయన కథ అంతకు ముందుది. ఆయనకో చెల్లెలు ఉండేది, తొమ్మిదేళ్ళది. జ్వరమొస్తే ఇంట్లోవాళ్ళు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళకుండా మూడు రోజులు మంచం చుట్టూ కూర్చుని ప్రార్థించారు. నాలుగో రోజు ప్రార్థించే అవసరం లేకపోయింది. పెళ్ళయిన మూడో ఏట, కరెంటు పోయిన ఒక సాయంత్రం, ఆమెతో చెప్పాడు, ఒక్కసారే, ఇంకెప్పుడూ ఎత్తొద్దన్నాడు. అన్నయ్య కూడా అంతే, వాడి పేరు నా ముందు ఎత్తొద్దన్నాడు. ఆమె ఎత్తలేదు. నాలుగు వందల పేజీలు టైపు చేసింది, కారణాలు, సాక్ష్యాలు, ఉపమానాలు, చప్పట్లు, నవ్వులు అన్నీ దించింది, ఆ రెండు జ్వరాలు మాత్రం ఒక్క పేజీలోనూ లేవు. ఒక్కసారి, ఒక్కసారి వీళ్ళు ఒకరికొకరు ఆ రెండు మాటలూ చెప్పుకుని ఉంటే హాలు బుక్ చెయ్యాల్సిన పనే ఉండేది కాదు. ఏడుపొచ్చింది ఆమెకి. సంచి తెరిచి ప్రూఫులు తీసుకుంది, ఏడుపు ఆపడానికి పని కంటే మంచి మందు లేదు.

ఆరో వాదం చివరి భాగం. విరామం తర్వాత పదకొండు పేజీలు. అమ్మకి మొదటిసారి నొప్పొచ్చి వార్డులో చేర్చిన రాత్రుళ్ళు కూర్చుని, నిద్ర కళ్ళతో చేసిన పేజీలివి. ఇద్దరి సంతకాలూ అడుగున చక్కగా ఉన్నాయి, ఒకటి వాలుగా, ఒకటి నిటారుగా. లైను వెంట లైను చదువుకుంటూ పోయింది. మీకు ప్రశ్న అడగడమూ రాదు, జవాబు వినడమూ రాదు. నేను వినడానికే వచ్చాను, మీరు విననిస్తేగా. నిజం ఒక్కటే, అది మీకిష్టం లేనంత మాత్రాన మారదు. మీలాంటివాళ్ళ చేతిలో పిల్లల్ని పెడితే వాళ్ళు ఆలోచించడమే మరిచిపోయేలా చేస్తారు. మీరు తప్పని మీకూ తెలుసు, ఒప్పుకునే ధైర్యం లేదంతే. ఆ వాక్యం పక్కనే కుండలీకరణాల్లో, బల్ల చరిచిన చప్పుడు అని తనే రాసింది. వాక్యం మాత్రం ఆయన పేరు కింద ఉంది. ఆయన బల్ల చరచడమేమిటి? జన్మలో చరచలేదు. ఆమె పేజీ తిప్పింది. అన్నయ్య పేరు కింద ఒక నవ్వు. ఇంకో పేజీ తిప్పితే ఇంకో నవ్వు. అన్నయ్య సభలో నవ్వి ఎన్నేళ్ళయింది? అప్పుడు తట్టింది. టైపు చేసేటప్పుడు ఎవరు ముందు మాట్లాడితే వాళ్ళకి ఒకటి, రెండోవాళ్ళకి రెండు అని అంకెలు వేసుకుంటూ పోతుంది, చివర్లో అంకెల స్థానంలో పేర్లు ఒక్కసారిగా మార్చేస్తుంది. విరామం ముందు ఆయన మొదలుపెట్టాడు. విరామం తర్వాత అన్నయ్య మొదలుపెట్టాడు. ఆ నిద్రమత్తులో రెండు సగాలకీ ఒకే లెక్క వేసేసింది. పదకొండు పేజీల్లో అతని మాటలన్నీ ఈయనవీ, ఈయన మాటలన్నీ అతనివీ అయి కూర్చున్నాయి, ఇద్దరూ చదివి, కామాలు దిద్ది, సంతకాలు పెట్టారు.

మళ్ళీ మొదట్నుంచి చదివింది, వేలు పెట్టి, ఒక్కొక్క లైనూ. దేవుడన్న మాట కోసం వెతికింది. ఉంటే పట్టుబడేది కదా, ఉన్నాడని ఆయన పేరు కిందా లేడని అన్నయ్య పేరు కిందా కనపడితే గుడ్డివాడైనా పట్టేసేవాడు. పదకొండు పేజీల్లో దేవుడు ఒక్కసారి కూడా రాలేదు. ఉన్నవన్నీ మీరు, మీలాంటివాళ్ళు, నేను చెబుతున్నది, నన్ను చెప్పనివ్వండి. ఎవరి పేరు కింద పెట్టినా అతికిపోయే మాటలు. ఇందుకా? ఈ పదకొండు పేజీల కోసమా అన్నయ్య తన ఇంటి గడప తొక్కనిది, ఇందుకా అమ్మ ఇద్దరికీ విడివిడిగా వండిపెట్టి, విడివిడిగా ఎదురుచూసి ఇంత అలిసిపోయింది? ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేక పైకే నవ్వేసింది. ఇద్దరూ కంగారుగా లేచి వచ్చారు, అమ్మ గురించి ఏదైనా తెలిసిందేమోనని. పదకొండూ యాభై ఒకటి.

"ఏమైంది?" అన్నాడు ఆయన.

"ఏం లేదండీ. ఈ పేజీల్లో తప్పుంది. కొంచెం చూడండి ఇద్దరూ."

ఎందుకిచ్చిందో ఆమెకే తెలియదు. నోరు మూసుకుని పెన్ను తీసి అక్కడే సరిదిద్దుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ మనసులో ఏదో ఆశ పుట్టింది, పిచ్చి ఆశ, ఇది చూస్తే వీళ్ళు ఆగుతారని. చెరో పేజీ చేతిలో పెట్టింది. అన్నయ్య కళ్ళజోడు పైకి తోసుకుని ఆయన పేరు కింద ఉన్నదే చదివాడు. "ఇదిగో, మీరు తప్పని మీకూ తెలుసు! ఇంత పొగరుమాట చూశావా? ఎదుటి మనిషి మనసులో ఏముందో ఈయనకెలా తెలుసుట?"

"అది నువ్వన్న మాట అన్నయ్యా."

"నేనా?"

"పేర్లు తారుమారయ్యాయి. పక్కన చూడు, బల్ల చరిచిన చప్పుడు కూడా ఉంది."

ఆయన ముక్కుతో నవ్వాడు. అన్నయ్య పేరు కింద వేలు పెట్టి, "నేనూ ఇదే చెప్పబోతున్నా, మీలాంటివాళ్ళ చేతిలో పిల్లల్ని పెడితే అట, మనుషుల్నందర్నీ ఒక గాట కట్టేసి మాట్లాడడం, ఇదే వీళ్ళ పద్ధతి" అన్నాడు.

"అది మీరన్నదండీ. టేపుంది."

ఆయన కాగితం మీంచి తలెత్తి అన్నయ్య వైపు చూశాడు, అన్నయ్య ఆయన వైపు చూశాడు, ఇద్దరి మొహాల్లోనూ కాలేజీ రోజుల నాటి పిల్లాడెవడో తొంగిచూసినట్టయింది. అనండి, ఏదో ఒకటి అనండి, మీ జ్వరాల సంగతి చెప్పుకోండి, లేకపోతే నవ్వండి, పోనీ సిగ్గుపడండి, అమ్మ లోపల ఒక్కతే ఉందని గుర్తు తెచ్చుకోండి. ఒక క్షణం, మహా అయితే రెండు.

"అసలింత నిర్లక్ష్యంగా ఎలా టైపు చేశావు నువ్వు?" అన్నాడు ఆయన.

"అదే నేనూ అడగబోతున్నా" అన్నాడు అన్నయ్య. "బావ అన్నది కరెక్ట్. ఇది అచ్చయి ఉంటే మా ఇద్దరి పరువూ ఏమయ్యేది? చదువుకున్నదానివి, ఆ మాత్రం చూసుకోవద్దూ?"

బావ. ఎన్నేళ్ళకి! ఆ పిలుపు కోసం అమ్మ ఎన్నిసార్లు కళ్ళనీళ్ళు పెట్టుకుందో, తిరిగొచ్చి తిరిగొచ్చి తన నెత్తి మీద వాలింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, భుజానికి భుజం ఆనించి, వంతులవారీగా చీవాట్లు పెడుతున్నారు, ఒకరి మాటకి ఒకరు తలూపుతున్నారు, ఔనంటే ఔనంటున్నారు. ఆమె వింటూ కూర్చుంది. కోపం రాలేదు, రావాల్సిన చోట ఏమీ లేదు, అరిగిపోయింది. సంతకాలు మీవే కదా అని ఒక మాట నాలిక చివరి దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ కలిసుండడం కూడా ఎంతసేపు? నా ఆ మాట ఉంచక్కర్లేదు తీసేయించండి అన్నాడు అన్నయ్య, తీసేయడానికి వీల్లేదు అన్నది అన్నట్టే ఉండాలి అన్నాడు ఆయన, అయితే మీది కూడా ఉంచండి, నాదెందుకు దాచుకుంటాను మీలాగా, మీలాగా అంటే ఏమిటి మీ ఉద్దేశం. మళ్ళీ మీరులోకి వచ్చేశారు. అన్నయ్య చెయ్యి బల్ల మీద పడింది, ఈసారి ఆమె కూర్చున్న బల్ల, నడుం అదిరింది.

తలుపు తెరుచుకుంది. నర్సు మాస్కు కిందికి లాక్కుని, "టెలిఫోన్ అమ్మమ్మ తాలూకు ఎవరండీ?" అని అడిగింది. వార్డులో నాలుగు రోజుల్లోనే ఆ పేరు పడిపోయింది అమ్మకి. "ఒక్క నిమిషం సిస్టర్" అన్నారు ఇద్దరూ ఒకేసారి, అటు తిరక్కుండానే, చెయ్యి పైకెత్తి. నర్సు ఆమె వైపు చూసింది. "లేచారమ్మా. మాట్లాడుతున్నారు. ఒక్కరే రండి, రెండు నిమిషాలే" అంది మెల్లగా. లేచారు. లేచింది. అమ్మ లేచింది! సంచి పక్కన పెట్టి నిలబడింది. వెనక్కి తిరిగి చెప్పాలి కదా, అన్నయ్యా అమ్మ లేచిందిరా అని అరవాలి కదా, తిరిగింది కూడా, నోరు కూడా తెరిచింది. చెబితే మరుక్షణం ఒకరు చూశారా దయ అంటారు, ఇంకొకరు చూశారా రసాయనం అంటారు. అమ్మ లేవడం కూడా వీళ్ళ ఫైళ్ళలోకి వెళ్ళి కూర్చుంటుంది. రెండు నిమిషాలు ఆగితే ఏం పోదు. ఒక్క రెండు నిమిషాలు అమ్మ ఎవరి గెలుపూ కాకుండా ఉండనీ. కాగితాలు బల్ల మీద వదిలేసి లోపలికి వెళ్ళింది.

అమ్మ మొహం చిన్నదైపోయింది. పెదాలు ఎండిపోయి పొట్టు లేచాయి, ముక్కు దగ్గర గొట్టం. ఆమె తడిగుడ్డతో పెదాలు అద్దింది. అమ్మ కళ్ళు నెమ్మదిగా తిరిగి ఆమె మీద ఆగాయి.

"నువ్వేనా?"

"నేనేనమ్మా. అంతా అయిపోయింది. బావున్నావు."

"వాళ్ళిద్దరూ?"

"బయట ఉన్నారు."

"ఏమంటున్నారే?"

ఆమె గుడ్డను మళ్ళీ నీళ్ళలో ముంచింది, పిండింది. "నీ గురించే అడుగుతున్నారమ్మా. ఎలా ఉందీ, లేచిందా అని. నిలబడ్డ చోట నిలబడటం లేదు ఇద్దరూ."

"ఇద్దరూనా?"

"ఇద్దరూ. అన్నయ్య పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆయనే బలవంతాన తాగించారు. తాగు బావా, అమ్మ లేచేసరికి నువ్వు పడిపోతే ఎలా అని." గుడ్డ పక్కన పెట్టి, "నీకు కాళ్ళు చల్లగా ఉంటాయి, దుప్పటి కప్పమని చెప్పు అన్నారు నాతో" అంది. దుప్పటి లాగి అమ్మ పాదాలు కప్పింది.

నర్సు ఏదో తేవడానికి తలుపు తీసింది. మీకు చెప్పనివ్వడమే రాదు అని ఒక గొంతూ, మీకు వినడమే రాదు అని ఇంకో గొంతూ లోపలికి వచ్చాయి. ముప్పయ్యేళ్ళు గొంతులు విన్న మనిషి అమ్మ. కళ్ళు మూసుకుని కాసేపు విన్నది. ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ తలుపు వేసెయ్యవే" అంది అమ్మ.

ఆమె వెళ్ళి తలుపు గట్టిగా వేసి వచ్చింది. అమ్మ దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఊఁ, చెప్పు. ఇంకా ఏమన్నారు?"

ఆమె స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.